మూతి పేలితే ముఖం చాటేయక్కర్లేదు

సఖినేటిపల్లి: జ్వరం వచ్చి తగ్గిన మర్నాడు పెదవి అంచున గుత్తిగా నీటి పొక్కులు లేస్తే మన వైపు ‘మూతి పేలింది’ అంటారు. ‘జ్వరం పేలింది’ అనేవారూ ఉన్నారు. పేరు ఏదైనా బాధ ఒకటే. కారణాలు మాత్రం ఇంటికొకటి. వేడి చేసిందని ఒకరు, నిద్రలో పురుగు పాకిందని ఒకరు, బల్లి మూత్రం పడిందని మరొకరు, ఎవరిదో ఎంగిలి తగిలిందని ఇంకొకరు. బల్లికీ, పురుగుకూ దీనితో ఏ సంబంధమూ లేదు. ఎంగిలి మాటలో మాత్రం నిజం ఉంది. ‘వేడి’ మాటలోనూ కొంత లేకపోలేదు.

పుండు వడ్లగింజంతే. అయినా అది ఉండే చోటు ముఖం. నరసాపురం పంటు కోసం రేవులో నిలబడితే చాలు, ఎదురైన ప్రతివారూ ‘ఏమిటా మూతి?’ అని అడుగుతారు. మగవారు తువ్వాలు అడ్డం పెట్టుకుంటారు, ఆడవారు పైట కొంగు. ఏడాదికి ఒకసారి పేలితే సరిపెట్టుకోవచ్చు. రెండు నెలలకోసారి అదే చోట, అదే మాదిరిగా లేస్తుంటే మనిషి లోపల కుంగిపోతాడు. పెళ్లికి వెళ్లాలన్నా, బడికి వెళ్లాలన్నా ముందు అద్దం చూసుకోవడం అలవాటవుతుంది. నలుగురిలో కూర్చుని భోజనం చేయడం మానేసేవారూ ఉంటారు.

దాక్కున్న వైరస్

ఈ పొక్కులకు కారణం హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్, అందులో మొదటి రకం. చాలామందికి ఇది చిన్నతనంలోనే అంటుకుంటుంది. అమ్మమ్మో, మేనత్తో ముద్దు పెట్టుకున్నప్పుడు లాలాజలం ద్వారా చేరుతుంది. అప్పుడు ఎక్కువమందిలో ఏ లక్షణమూ కనిపించదు. కొందరు పిల్లలకు మాత్రం జ్వరం వచ్చి నోరంతా పుళ్లు పడతాయి. ఆ తర్వాత వైరస్ ముఖానికి స్పర్శనిచ్చే నరం వెంట పైకి పాకి, పుర్రె అడుగున ఉన్న నరాల ముడిలో దాక్కుంటుంది. అక్కడ ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఒంట్లో నీరసం చూసి లేచి, వెళ్లిన దారినే తిరిగి పెదవికి వస్తుంది. పొక్కులు ప్రతిసారీ దాదాపు ఒకే చోట లేవడానికి కారణం ఇదే. అక్కడి నుంచి దాన్ని పూర్తిగా వెళ్లగొట్టే మందు ఇంతవరకు లేదు.

ఈ మాట విని బెంబేలు పడనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వారిలో 380 కోట్ల మందికి, అంటే నూటికి 64 మందికి, ఈ మొదటి రకం వైరస్ ఉంది. వారిలో చాలామందికి జన్మలో ఒక్కసారి కూడా మూతి పేలదు. పేలినవాడిని చూసి పక్కకు జరిగే మనిషి ఒంట్లోనూ అదే వైరస్ ఉండే అవకాశం ఎక్కువ.

నిద్రపోయే వైరస్‌ను లేపేవాటిలో జ్వరం, జలుబు మొదటివి. తర్వాత ఎండ. దాళ్వా కోతల్లో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మడిలో ఉండేవారికి, అంతర్వేది పల్లిపాలెం నుంచి వేటకు వెళ్లేవారికి ఇది తప్పదు. నీటి మీద పడి తిరిగివచ్చే వెలుగు కూడా పెదవికి తగులుతుంది. చెరువుల మీద రాత్రి కాపలాలు, తీర్థంలో వరసగా నిద్రలేని రాత్రులు, ఆడవారికి నెలసరి, పిల్లలకు పరీక్షలు, ఇంట్లో చావు, కోర్టు వ్యవహారం ఏదైనా చాలు. పెళ్లిపనుల్లో నలిగిన ఇంట్లో సరిగ్గా పెళ్లికూతురికే మూతి పేలిందంటే అందులో అపశకునం ఏమీ లేదు. ఆ పది రోజులూ ఆమె సరిగా నిద్రపోలేదని అర్థం.

ఎప్పుడెప్పుడు పేలిందో గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి ఎవరి కారణం వారికే తెలుస్తుంది. ఎండకు పేలేవారు తలపాగాతోనో, అంచు వెడల్పు టోపీతోనో పెదవికి నీడ పట్టాలి. సన్‌స్క్రీన్ కలిసిన లిప్ బామ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. మన సీమలో చెప్పడం కష్టమే గాని, కొబ్బరినూనె ఎండను ఆపదు. పక్కు కట్టిన తర్వాత రాస్తే పగలకుండా మెత్తగా ఉంచుతుంది, అంతే.

పేరుతో వచ్చిన తంటా

మూతి పేలిందన్నంతకాలం ఎవరికీ భయం లేదు. డాక్టరు చీటీ మీద ‘హెర్పిస్’ అని రాసేసరికి ఇంట్లో గొడవ మొదలవుతుంది. సెల్‌ఫోనులో ఆ మాట కొట్టి చూస్తే సుఖవ్యాధుల బొమ్మలు వస్తాయి. సాధారణంగా జననాంగాల మీద పుళ్లు తెచ్చేది ఇదే వైరస్‌లో రెండో రకం. పెదవి మీద వచ్చేది దాదాపు ఎప్పుడూ మొదటి రకమే. మూతి పేలినంత మాత్రాన మనిషి నడవడి మీద అనుమానపడటం అన్యాయం. ఐదేళ్ల వయసులో అమ్మమ్మ ముద్దుతో వచ్చినదానికి ఇరవై ఏళ్లకు సంబంధం తప్పిపోవడం మరీ అన్యాయం. పెళ్లికి ముందు ఈ వైరస్‌కు రక్తపరీక్ష చేయించాలని పట్టుబట్టేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పరీక్ష చేస్తే రెండు వైపులా, పెద్దవాళ్లతో సహా, ఎక్కువమందికి ఉందనే తేలవచ్చు.

పేరుకు అర్థం కూడా అంత భయపెట్టేది కాదు. పాత గ్రీకు భాషలో ఆ మాటకు మూలం ‘పాకడం’. మనవాళ్లు పురుగు పాకిందన్నారు, వాళ్లూ పాకడమే అన్నారు. ఒంటి మీద ఒక పక్కన పట్టీలా లేచే సర్పి మాత్రం వేరు. అది ఒకప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ మళ్లీ లేవడం వల్ల వస్తుంది.

అడిగినవారికి ‘జ్వరపు పొక్కు, వారంలో మానిపోతుంది’ అని ఒక్క మాట సిద్ధంగా ఉంచుకుంటే సగం బరువు దిగుతుంది. దాచేకొద్దీ అడిగేవారు ఎక్కువవుతారు. బడిలో పిల్లవాడికి మూతి పేలితే వేరే బల్ల మీద కూర్చోబెట్టనక్కర్లేదు. నీళ్ల సీసా, తువ్వాలు వేరుగా ఉంచితే చాలు.

మొదటి రోజే మందు

పొక్కు లేవడానికి ముందు కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా పెదవి చిటపటలాడుతుంది, దురద పెడుతుంది, కొద్దిగా తిమ్మిరెక్కుతుంది. తరచూ పేలేవారికి ఈ కబురు బాగా తెలుసు. మందు పని చేసేది అప్పుడే. ఎసైక్లోవిర్ అనే లేపనాన్ని ఆ క్షణం నుంచి రోజుకు ఐదుసార్లు చొప్పున నాలుగైదు రోజులు రాస్తే పుండు కొంత త్వరగా మానుతుంది. లాభం ఒక రోజుకు మించకపోవచ్చు. పక్కు కట్టాక ఎంత రాసినా ఒరిగేదేమీ ఉండదు. అందుకే తరచూ పేలేవారు ట్యూబు ఇంట్లో ఉంచుకోవాలి. లేచాక కొనుక్కుందాంలే అనుకుంటే సమయం దాటిపోతుంది. బాగా ఎక్కువగా, ఏడాదికి ఆరుసార్లకు పైగా పేలేవారికి డాక్టర్లు మాత్రలు ఇస్తారు. కొందరికి కొన్ని నెలలపాటు రోజూ వేయిస్తారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి.

ఈ మందు కథలో గోదావరి నీళ్ల వాసన కొంచెం ఉంది. దీన్ని వెలుగులోకి తెచ్చినవారు అమెరికాలో గెర్ట్రూడ్ ఎలియన్, హోవర్డ్ షేఫర్, వారి బృందం. 1970 దశకం చివర్లో ఆ పరిశోధన ప్రచురితమైంది. 1988లో ఎలియన్‌కు, ఆమెతో చిరకాలం పనిచేసిన జార్జి హిచింగ్స్‌కు, జేమ్స్ బ్లాక్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ హిచింగ్స్ చదువుకున్న రోజుల్లో హార్వర్డ్‌లో పనిచేసింది సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు గార్ల ప్రయోగశాలలో. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కనుగొన్నవారిలో వారూ ఉన్నారు. ప్యూరిన్లనే పదార్థాలను కొలిచే పద్ధతులు హిచింగ్స్ నేర్చింది అక్కడే. ఎసైక్లోవిర్ ఆ ప్యూరిన్ల పోలికతో తయారైన మందే. సుబ్బారావు గారు 1895లో పుట్టింది భీమవరంలో. రేవు దాటి నరసాపురం చేరితే అక్కడికి ఎంతో దూరం లేదు.

పుండుకు యాంటీబయాటిక్ మాత్రలు పనిచేయవు. అవి వైరస్‌ను ఏమీ చేయలేవు. దురదలకు షాపుల్లో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన లేపనాలు సొంతంగా రాసుకుంటే పుండు ముదరవచ్చు. సున్నం, పటిక, టూత్‌పేస్టు అద్దితే చర్మం కాలి మచ్చ మిగులుతుంది. పొక్కును చిదమకూడదు. చన్నీళ్లలో తడిపిన శుభ్రమైన గుడ్డ కాసేపు అద్దితే మంట తగ్గుతుంది. పులుపు, కారం తగిలితే చురుక్కుమంటుంది కనుక ఆవకాయ నాలుగు రోజులు ఆపాలి. మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగితే హాయిగా ఉంటుంది. వాటితో జబ్బు పోతుందని మాత్రం అనుకోకూడదు. మందు ఏదీ వాడకపోయినా వారం, పది రోజుల్లో పక్కు రాలిపోతుంది.

పురిటిబిడ్డకు ముద్దు వద్దు

పెద్దవారికి సిగ్గుతో పోయేది నెల తిరగని పసికందుకు ప్రాణాంతకం కావచ్చు. అంత చిన్న బిడ్డకు ఈ వైరస్ సోకడం అరుదే. సోకితే మాత్రం మెదడుకు, కాలేయానికి పాకుతుంది. బారసాల నాడు బంధువులంతా బిడ్డను చేతుల్లోకి తీసుకుని ముద్దులాడటం మనకు మామూలు. మూతి పేలినవారు ఆ రోజు బిడ్డను దూరం నుంచే చూడాలి. ‘నేను సొంత తాతను, నాకు అడ్డేమిటి’ అని కోపం తెచ్చుకోవడం ఇక్కడ తగదు. చెప్పలేక మొహమాటపడే కోడలి తరఫున ఆ మాట అత్తగారే చెప్పాలి.

తల్లికే మూతి పేలితే పాలు మాన్పించకూడదు. రొమ్ము మీద పుండు లేనంతవరకు పాలివ్వవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కుని, మూతికి శుభ్రమైన గుడ్డ కట్టుకుని, పక్కు రాలి చర్మం మానేదాకా ముద్దు పెట్టుకోకుండా ఉంటే సరిపోతుంది. నెలలోపు బిడ్డ పాలు సరిగా తాగకపోయినా, మగతగా ఉన్నా, ఒళ్లు వేడెక్కినా, ఒంటి మీద నీటి పొక్కులు కనిపించినా తెల్లవారేదాకా చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

భార్యాభర్తలు కూడా పుండు మానేవరకు ముద్దుకు, నోటితో కలిసే వాటికి దూరంగా ఉండాలి. ఈ పొక్కు మర్మస్థానాలకూ అంటుకోగలదు. లోటా, చెంచా, బీడీ, తువ్వాలు పంచుకోకూడదు. పుండు పైకి కనిపించని రోజుల్లోనూ అప్పుడప్పుడూ అంటుకోవచ్చు గాని, రసి కారే రోజుల్లో ప్రమాదం ఎక్కువ.

పుండు ముట్టుకున్న చేత్తో కన్ను నులుముకోవడం మరో ప్రమాదం. ఈ వైరస్ కంటి నల్లగుడ్డు మీది పొరను తింటే చూపు మసకబారుతుంది. మూతి పేలినప్పుడు కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుగు చూడలేకపోతే ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయకుండా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా వేసుకుంటే ఆ కంటికి మరింత చేటు.

పెదవి మీద ప్రతి పుండూ ఇదే కాదు. రెండు మూలలూ చీలితే అది విటమిన్లు, ఇనుము తక్కువై గాని, బూజు పట్టి గాని కావచ్చు. నోటి లోపలి నోటిపూత వేరు. చుట్ట, బీడీ, గుట్కా అలవాటున్నవారికి పెదవి మీద పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. అది క్యాన్సర్ కాదని ఆయనే తేల్చాలి.