దూరపు గురికి బరువైన గుండు

జొన్నచేనిలో మంచె యెక్కి పిట్టలను తోలు కాపరి వడిసెలలో ఏ రాయి దొరికిన ఆ రాయిని పెట్టడు. ఎండిన మట్టిపెళ్ల తేలికగా నుండును. చేతిని విడుచునపుడు మిక్కిలి వడిగా పోవును. కాని చేను సగము దాటకముందే దాని వడి చచ్చిపోవును. అదే పరిమాణము గల గులకరాయి కొంచెము నెమ్మదిగా బయలుదేరినను ఆవలి గట్టు చేరును. వేయి గజముల దూరమున నున్న గురిపలకను కొట్టవలసిన రైఫిలు క్రీడాకారునికి ఎదురగు ప్రశ్నయు ఇట్టిదే. తేలిక గుండును వడిగా పంపవలెనా, బరువైన గుండును నెమ్మదిగా పంపవలెనా? అతని విషయమున సమాధానము కాపరికి తోచినంత సుళువుగా తేలదు.

ఒలింపిక్ క్రీడలలో నేడు రైఫిలు పోటీలు 10, 50 మీటర్ల దూరముననే జరుగుచున్నవి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనునందు కాంస్యపతకము గెలిచినది 10 మీటర్ల పోటీలో. అది కప్పుగల శాలలో జరుగును. అక్కడ గాలివాటము లేదు, చెప్పుకొనదగిన దూరమును లేదు. దీర్ఘదూరపు పోటీల సంగతి వేరు. ఇంగ్లండులో ఇవి 1860లో వింబుల్డన్ మైదానమున విక్టోరియా రాణి పేల్చిన తొలి గుండుతో ఆరంభమైనవి. వీనిలో 1000 గజములు, అనగా 914 మీటర్లు, పేరుబడిన దూరము. అమెరికాలో ఆ దూరమునకు వాడు గురిపలకపై పది మార్కుల వలయమునకు వ్యాసము 20 అంగుళములు. కాల్చువాడున్న చోటినుండి చూచినచో అది చేయి చాచి పట్టుకొన్న ఆవగింజలో నాలుగవ వంతు వెడల్పు కూడ ఉండదు.

ఇంత దూరమునకు కొందరు 'మాగ్నం' తూటాలను వాడుదురు. పెద్ద ద్రాక్షసారా సీసాకు గల లాటిను పేరును ఎవరో తుపాకి తూటాకు తగిలించిరి. ఒకే కొలత గుండును తోయుటకు మామూలు తూటాకన్న ఎక్కువ మందు పట్టునట్టి పెద్ద తూటా అని దాని యర్థము. 1963లో అమెరికాలో వెలువడిన 300 విన్చెస్టర్ మాగ్నం వీనిలో బాగుగా వ్యాపించినది. దాని గుండు అడ్డుకొలత 7.82 మిల్లీమీటర్లు. బరువు మాత్రము ఒక్కటి కాదు. 150 గ్రెయినులనుండి 230 గ్రెయినుల వరకు ఎన్నో రకములు దొరకును. గ్రెయిను అనగా ఒక గ్రాములో సుమారు పదునైదవ వంతు. మన కంసాలుల గురివింద గింజ దాదాపు రెండు గ్రెయినులు తూగును.

రెండు గుండ్లను ఎంచుకొని పోల్చి చూతము. ఒకటి 150 గ్రెయినులది, అనగా 9.7 గ్రాములు. రెండవది 220 గ్రెయినులది, 14.3 గ్రాములు. ఒకే తుపాకినుండి తేలికది సెకనుకు సుమారు 990 మీటర్ల వేగముతోను, బరువైనది సుమారు 823 మీటర్ల వేగముతోను వెలువడునని అనుకొనవచ్చును. వేగములు ఇంత భిన్నముగా నున్నను గతిశక్తి లెక్కించిన రెంటికిని ఇంచుమించు ఒక్కటే వచ్చును: 4,800 జౌళ్ల ప్రాంతము. ఇందు వింత లేదు. రెంటిని తోసినది దాదాపు అంతే మందు.

ఇక 914 మీటర్ల వద్ద చూడుడు. సముద్రమట్టపు గాలికి ఉజ్జాయింపుగా లెక్కగట్టినచో తేలిక గుండు వేగము సెకనుకు 360 మీటర్లకు పడిపోవును. బరువైన దానికి ఇంకను 430 మీటర్లు మిగులును. బయలుదేరునపుడు 167 మీటర్లు వెనుకబడియున్నది గమ్యమువద్ద 70 మీటర్లు ముందున్నది. గతిశక్తిలో మొదటిదానికి మిగిలినది ఎనిమిదవ వంతు, రెండవదానికి నాలుగవ వంతుకన్న కొంచెము ఎక్కువ. తక్కినదంతయు గాలి తీసికొన్నది.

గాలి ఇంత పని చేయునని పూర్వులు నమ్మలేదు. గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున, విసరిన వస్తువు పరావలయ మార్గమున పోవునని చూపెను. గాలి లేనిచోట అది అక్షరాల నిజము. తరువాత నూరేండ్లు ఫిరంగులవారు గాలిని లెక్కలోనికి తీసికొనకయే కాలము గడపిరి. 1742లో బెంజమిన్ రాబిన్స్ అను ఇంగ్లీషు గణితజ్ఞుడు గుండ్లను బరువైన లోలకముపై పేల్చి, లోలకము ఎంత ఊగినదో కొలిచి, దానినిబట్టి వేగమును కట్టెను. ముప్పాతిక అంగుళము వ్యాసము గల సీసపు గుండు సెకనుకు 1700 అడుగుల వేగమున పోవునపుడు గాలి దానిని దాని బరువునకు సుమారు 120 రెట్ల బలముతో అడ్డగించుచున్నదని అతడు తేల్చెను. భూమి లాగు బలముకన్న గాలి త్రోయు బలము 120 రెట్లు! ఈ రాబిన్సే ఈస్టిండియా కంపెనీ కోటల పనులకై మద్రాసు తీరమునకు వచ్చి, 1751లో కడలూరు చెంతనున్న సెంట్ డేవిడ్ కోటలో మరణించెను.

గాలి గుండును అడ్డగించునది దాని ముందువైపు వైశాల్యమునుబట్టి. ఆ అడ్డును త్రోసికొని పోగల సామర్థ్యము ద్రవ్యరాశినిబట్టి. కావున ఒక్కొక్క చదరపు మిల్లీమీటరు వెనుక ఎంత ద్రవ్యరాశి ఉన్నదో అదియే ముఖ్యము. గొట్టము కొలత మారదు గనుక మన రెండు గుండ్లకును వైశాల్య మొక్కటే. ఆ నిష్పత్తి బరువుతోబాటే పెరుగును. 150 గ్రెయినుల గుండుకన్న 220 గ్రెయినుల దానికది దాదాపు ఒకటిన్నర రెట్లు. దీనికి ఆకారపు మంచిచెడ్డలను కూడ చేర్చినచో బాలిస్టిక్ గుణకము వచ్చును. మొన సూదిగా నుండి, వెనుకభాగము పడవ తోకవలె సన్నగిల్లిన గుండు గాలిని తక్కువగా కలచును. ఫ్రెంచివారు 1898లో రూపొందించిన సైనికపు గుండు ఇట్టి ఆకారము దాల్చిన తొలివానిలో నొకటి.

అయితే వేగము మిగిలినందువలన గురిపలక క్రీడాకారునికి ఒరుగునదేమి? కాగితమునకు రంధ్రము చేయుటకు ఇంత శక్తి అక్కరలేదు. గుండు క్రిందికి జారుటను గూర్చియు చింత లేదు. ఈ రెండు గుండ్లును గమ్యము చేరుటకు ఇంచుమించు ఒకటిన్నర సెకను పట్టును. గొట్టము చూపిన గీతనుండి దాదాపు 9 మీటర్లు క్రిందికి జారును. అది చిన్న జారుడు కాదు. కాని గురుత్వాకర్షణ నిన్న ఎంతయో నేడును అంతే. దృష్టిసాధనమును ఒకసారి సరిచేసికొన్న చాలును. క్రీడాకారుని ఓడించునది అడ్డగాలి. అది క్షణక్షణము మారును. జెండాలను, ఎండలో అలలాడు ఆవిరిని చూచి ఊహించవలసినదే.

గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి వీచుచున్నదనుకొందము. తేలిక గుండు 914 మీటర్ల వద్ద సుమారు 2.7 మీటర్లు ప్రక్కకు కొట్టుకొనిపోవును. బరువైనది 1.9 మీటర్లే. ఇక్కడ విద్యార్థి ఆగి ఆలోచింపవలెను. రెండును గాలిలో ఉన్నది ఒకటిన్నర సెకనే. వీచినది ఒకే గాలి. ఏటిలో పడిన ఆకువలె గుండు గాలితో కొట్టుకొనిపోవుననుకొన్నచో రెండును సమానముగా జరుగవలెను. అట్లు జరుగలేదు.

కారణమిది. గాలితోబాటు అదే వేగమున ప్రయాణించుచున్న ఒక మనుష్యుని ఊహించుడు. అతనికి గాలి నిశ్చలము. గుండు మాత్రము ముందునకు పోవుచు, గాలి వచ్చిన దిక్కునకు కొంచెము ఏటవాలుగా పోవుచున్నట్లు కనబడును. నిశ్చలమైన గాలి దానిని వెనుకకు మాత్రమే లాగును, ప్రక్కకు త్రోయదు. కావున ఆ ఏటవాలు గీత వంగదు. ఆ గీత వెంబడి గుండు అడ్డముగా జరిగిన దూరము, గాలి వేగమును 'వేగము తగ్గకున్నచో పట్టవలసిన కాలము'తో గుణించినంత. ఈలోగా ఆ మనుష్యుడు నిజముగా పట్టిన కాలమంతయు గాలితో రెండవ దిక్కునకు కదలినాడు. నేలమీద నిలిచినవానికి కనబడునది ఈ రెంటి భేదము. అనగా ప్రక్కకు జరిగిన దూరము = గాలి వేగము × (నిజముగా పట్టిన కాలము − వేగము తగ్గకున్నచో పట్టెడి కాలము). 19వ శతాబ్దపు ఫ్రెంచి సైనికాధికారి దిదియోన్ పేర ఈ సూత్రము ప్రసిద్ధము.

తేలిక గుండు వేగము తగ్గకున్నచో 0.92 సెకనులో చేరవలసినది, 1.53 సెకనులు తీసికొన్నది. ఆలస్యము 0.61 సెకను. బరువైనది 1.11 సెకనులకు బదులు 1.54 తీసికొన్నది, ఆలస్యము 0.43 సెకను. అడ్డగాలికి చిక్కునది ప్రయాణకాలము కాదు, ఆలస్యము. తరగతిలో ఈ లెక్కను నల్లబల్లపై వేయించుట పది నిమిషముల పని.

పోటీలో దీని విలువ ఎంతయో ఇంకొక అంకె చెప్పును. గాలిని అంచనా కట్టుటలో గంటకు 1.6 కిలోమీటర్లు పొరపడుట నిపుణునికిని సహజమే. మనిషి తాపీగా నడచు వేగములో సగమైనను కాదది. ఆ పొరపాటునకు తేలిక గుండు 27 సెంటీమీటర్లు తప్పును, బరువైనది 19. పదిమార్కుల వలయపు వ్యాసార్ధము 25 సెంటీమీటర్లు. ఒకే మనిషి, ఒకే పొరపాటు. ఒక గుండు వలయము వెలుపల, ఇంకొకటి లోపల.

దూరము తగ్గినచో ఈ లాభము కరిగిపోవును. 300 గజముల వద్ద పై రెండు గుండ్ల ప్రక్కజరుగుడులో తేడా రెండు అంగుళములు కూడ ఉండదు. తేలికది ముందుగా చేరును, తక్కువ జారును. సైన్యములు ఈ రెంటి మధ్య ఊగిసలాడినవి. అమెరికా సైన్యము 1906లో 220 గ్రెయినుల మొద్దుమొన గుండును విడిచి 150 గ్రెయినుల సూదిమొన దానికి మారినది. మొదటి ప్రపంచయుద్ధములో మరతుపాకులు దూరమునకు కాల్చవలసి వచ్చినపుడు ఆ గుండు ఆశించినంత దూరము పోలేదు. 1926లో పడవతోక గల సుమారు 174 గ్రెయినుల గుండును చేపట్టిరి. అది ఎంత చక్కగా దూరము పోయెననగా, అభ్యాసక్షేత్రముల వెనుక విడిచిన రక్షణస్థలము చాలక పోయినది! 1940 ప్రాంతమున మరల 150 గ్రెయినుల చెంతకే వచ్చిరి. వీని అడ్డుకొలతయు మన మాగ్నం గుండుదే.

అట్లయిన గురిపలకకు దొరికినంత బరువైనదానిని వాడరాదా? మూడు అడ్డంకులున్నవి. మొదటిది భ్రమణము. అడ్డుకొలత మారకుండ బరువు పెరుగవలెనన్న గుండు పొడవు కావలసినదే. పొడవైన గుండు గాలిలో పల్టీ కొట్టకుండుటకు బొంగరమువలె మిక్కిలి వడిగా తిరుగవలెను. గొట్టము లోపలి మెలిగాడులు దానిని త్రిప్పును. ఎంత దూరమున ఒక చుట్టు చుట్టవలెనో 1879లో ఆల్ఫ్రెడ్ గ్రీన్‌హిల్ అను ఇంగ్లీషు గణితాచార్యుడు సులభ సూత్రము చెప్పెను: 150ని, గుండు పొడవు అడ్డుకొలతకు ఎన్ని రెట్లో ఆ సంఖ్యచే భాగించిన, ఎన్ని అడ్డుకొలతల దూరమునకు ఒక చుట్టో వచ్చును. 1.1 అంగుళముల పొడవుగల 150 గ్రెయినుల గుండుకు 13 అంగుళములకు ఒక చుట్టు చాలును. అంగుళమున్నర పొడవుగల 220 గ్రెయినుల దానికి తొమ్మిదిన్నర అంగుళములు వచ్చును. మాగ్నం వేగములకు ఈ సూత్రము అవసరముకన్న కొంత జాగ్రత్తగా చెప్పును గనుక, ఈ తూటాకు వాడుకలోనున్న 10 అంగుళముల మెలి సరిపోవును. ఆ మెలిలో 220 గ్రెయినుల గుండు సెకనుకు 3,240 చుట్లు తిరుగుచు వెలువడును. 12 అంగుళముల మెలిగల గొట్టమునుండి ఇంకను పొడవైన గుండును పేల్చిన, అది అడ్డముగా తిరిగి గురిపలకపై తాళపుచెవి రంధ్రమువంటి గుర్తు చేయవచ్చును.

రెండవది తూటా మెడ. 300 విన్చెస్టర్ మాగ్నం మెడ గుండు అడ్డుకొలతకన్నను పొట్టి. పొడవైన గుండు మెడ దాటి లోనికి దిగి మందు ఉండవలసిన చోటును ఆక్రమించును. అందుచే గురిపలకవారు గొట్టపు మొదలును కొంత లోతుగా తొలిపించి, గుండును బయటికి నిలిపి, తూటాలను ఒక్కొక్కటిగా చేతితో పెట్టుదురు. గుండు బరువెక్కినకొలది లోపలి పీడనమును పెరుగును గనుక మందు కొలతను తగ్గింపవలెను. అది తయారుచేయువారి పట్టికలనుబట్టి చేయవలసిన పనియే గాని ఊహకు విడువదగినది కాదు.

మూడవది భుజము. తేలిక గుండు ద్రవ్యవేగము 9.6 ప్రమాణములు, బరువైనదానిది 11.8. మందు వాయువుల తోపు దీనికి అదనము. న్యూటను మూడవ నియమము చొప్పున అదంతయు తుపాకి వెనుకభాగమున భుజమునకు తగులును. ఒక దెబ్బకు ఇది లెక్కలోనిది కాదు. పోటీలో ఇరువది దెబ్బలు వరుసగా పేల్చునప్పటికి మనిషి తెలియకయే ముందుగా భుజము బిగించుట మొదలిడును. అప్పుడు మీటను నొక్కు వేలు కదలును. గుండు మిగిల్చిన 8 సెంటీమీటర్లను ఈ బెదురు తేలికగా తినివేయగలదు. అందుచే అనుభవశాలులు బరువైన గుండుకు బరువైన తుపాకిని జోడించుచున్నారు. ఆ బరువు చాలని తుపాకి గలవారు 190 గ్రెయినుల వద్ద ఆగుటయు కలదు.