ట్రక్కు లాగేటప్పుడు పాత ట్రాక్టరు వేడెక్కడం, శక్తి తగ్గడం: కారణాలు, గుర్తించే క్రమం

రబీ వరి కోతలు ముగిసే ఏప్రిల్, మే నెలల్లో ధాన్యం, గడ్డి రవాణా ముమ్మరంగా సాగుతుంది. పదిహేను, ఇరవై ఏళ్ల వయసు గల ట్రాక్టర్లు ఈ కాలంలో దుక్కి కంటే ట్రక్కు లాగడానికే ఎక్కువగా వినియోగమవుతాయి. అప్పుడు రైతుల నుండి సాధారణంగా రెండు ఫిర్యాదులు వస్తాయి. ఒకటి, రేడియేటరులో నీరు మరగడం. రెండవది, బండి లాగలేకపోవడం. ఈ రెండింటినీ వేర్వేరు జబ్బులుగా భావించి, మొదటిదానికి థర్మోస్టాటు తీసివేయడం, రెండవదానికి ఇంధన పంపు సీలు తెంచి డీజిలు పెంచడం పరిపాటి. ఈ చికిత్సల వలన మేలు జరగకపోగా, హెడ్ గ్యాస్కెట్ కాలిపోవడం, పిస్టన్ పట్టివేయడం వంటి భారీ నష్టాలు సంభవిస్తాయి. వేడి, బలహీనత అనే రెండు లక్షణాలు కలిసి ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా అని ముందుగా తేల్చుకుంటే లోపం ఎక్కడ ఉందో చాలా వరకు తెలుస్తుంది.

ఇంజనులో వేడి లెక్క

ఒక లీటరు డీజిలు మండితే సుమారు 36 మెగాజౌళ్ల శక్తి వెలువడుతుంది. 35 అశ్వశక్తి (26 కిలోవాట్లు) గల పాత ట్రాక్టరు పూర్తి లోడుతో నడిచేటప్పుడు గంటకు దాదాపు 8 లీటర్లు ఖర్చవుతుంది. అంటే లోపల ప్రవేశించే శక్తి సుమారు 80 కిలోవాట్లు. ఇందులో మూడో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలినదానిలో పెద్ద భాగం పొగతో పాటు సైలెన్సరు గుండా పోతుంది. ఇంజను శక్తికి ఇంచుమించు సమానమైన మరొక భాగాన్ని, అనగా 20 నుండి 25 కిలోవాట్ల వేడిని, నీరు, రేడియేటరు నిరంతరం బయటకు పంపవలసి ఉంటుంది.

రేడియేటరు పంపగలిగే వేడి, నీటికి, బయటి గాలికి మధ్య గల ఉష్ణోగ్రతా భేదంపై ఆధారపడుతుంది. నీరు 95 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నప్పుడు శీతాకాలంలో 25 డిగ్రీల గాలితో 70 డిగ్రీల భేదం లభిస్తుంది. మే నెలలో గాలి 45 డిగ్రీలకు చేరితే ఆ భేదం 50 డిగ్రీలకు తగ్గుతుంది. రేడియేటరులో ఏ లోపమూ లేకపోయినా దాని సామర్థ్యం దాదాపు 30 శాతం తగ్గినట్లే. జనవరిలో చెరకు లాగినప్పుడు బయటపడని చిన్న లోపం మే నెలలో ధాన్యం లాగినప్పుడు బయటపడడానికి ఇదే కారణం.

లోడు, ఎక్కుడు, గేరు

ట్రాక్టరు 2 టన్నులు, లోడుతో ట్రక్కు 6 టన్నులు, మొత్తం 8 టన్నులు అనుకుందాం. చదునైన తారు రోడ్డుపై గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి చక్రాల వద్ద 11 కిలోవాట్ల శక్తి సరిపోతుంది. 20 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు పెరిగే ఎక్కుడులో అదే వేగానికి 33 కిలోవాట్లు కావాలి. 26 కిలోవాట్ల ఇంజనుకు ఇది అసాధ్యం. వేగాన్ని 12 కిలోమీటర్లకు తగ్గిస్తే 20 కిలోవాట్లతో అదే ఎక్కుడును దాటవచ్చు. మెత్తని పుంత దారిలో చదునుగా ఉన్నా గంటకు 10 కిలోమీటర్ల వేగానికే 22 కిలోవాట్లు అవసరం కావచ్చు. కాబట్టి పొలం నుండి కాలువ గట్టు ఎక్కేటప్పుడు బండి నెమ్మదించడం ప్రతిసారీ ఇంజను లోపం కాదు.

ఇక్కడ గేరు ఎంపిక కీలకం. నీటి పంపు, ఫ్యాను రెండూ ఇంజనుతో పాటే తిరుగుతాయి. పెద్ద గేరులోనే ఉంచి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే ఇంజను నిమిషానికి 2,000 చుట్ల నుండి 1,200 చుట్లకు పడిపోతుంది. అప్పుడు ఫ్యాను వీచే గాలి 40 శాతం తగ్గుతుంది. నీటి ప్రవాహమూ తగ్గుతుంది. ప్రతి పోటులో మండే డీజిలు మాత్రం గరిష్ఠంగా ఉంటుంది. ట్రాక్టరు వేగం తక్కువ గనుక ఎదురుగాలి వలన కలిగే చల్లదనం నామమాత్రమే. అందువలన ఎక్కుడుకు ముందే చిన్న గేరు వేసి ఇంజనును దాని నిర్దేశిత చుట్ల వద్ద నడపడం చల్లబరిచే మొదటి మార్గం.

మూడు స్థితులు

మొదటి స్థితి: వేడెక్కుతుంది, కాని లాగుడు తగ్గదు. దహనం సక్రమంగా ఉంది, లోపం చల్లబరిచే వ్యవస్థలో ఉంది. కళ్లంలో, నూర్పిడి చోట పనిచేసిన ట్రాక్టరు రేడియేటరు రెక్కల మధ్య ఊక, పొట్టు, దుమ్ము నిండి ఉంటాయి. పైకి శుభ్రంగా కనిపించినా, వెలుతురుకు ఎదురుగా చూస్తే మూసుకుపోయిన భాగాలు తెలుస్తాయి. ఫ్యాను గాలిని ముందు నుండి ఇంజను వైపుకు లాగుతుంది గనుక, శుభ్రం చేసేటప్పుడు తక్కువ ఒత్తిడి గాలిని లేదా నీటిని ఇంజను వైపు నుండి ముందుకు కొట్టాలి. ఆ తరువాత ఫ్యాను బెల్టు బిగువు, నీటి మట్టం, రబ్బరు గొట్టాలు, మూత పరీక్షించాలి. మూతలోని స్ప్రింగు 0.5 బార్ ఒత్తిడిని నిలిపితే నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 111 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత పాడైతే ఆ రక్షణ పోతుంది.

బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సిలిండర్ల చుట్టూ సుద్ద పొరగా పేరుకుంటాయి. ఒక మిల్లీమీటరు మందం గల ఈ పొర, వేడిని అడ్డగించడంలో రెండు సెంటీమీటర్లకు పైగా మందం గల పోత ఇనుముతో సమానం. అందుచేత లవణాలు తొలగించిన నీటిలో తయారీదారు సూచించిన నిష్పత్తిలో కూలెంటు కలిపి వాడాలి.

రెండవ స్థితి: లాగుడు తగ్గుతుంది, కాని వేడెక్కదు. ఇంజనుకు డీజిలు చాలినంత అందడం లేదని దీని అర్థం. తక్కువ ఇంధనం మండుతుంది గనుక తక్కువ వేడి పుడుతుంది, పొగ కూడా ఎక్కువగా ఉండదు. ఫిల్టర్లు మూసుకుపోవడం, ట్యాంకు మూత రంధ్రం పూడిపోవడం, ఫీడు పంపు బలహీనపడడం, పైపుల అతుకుల వద్ద గాలి చొరబడడం పరిశీలించాలి. ఇంజను చుట్లు పెరిగి, బండి మాత్రం కదలక, కాలిన వాసన వస్తే క్లచ్ జారుతున్నట్లు గ్రహించాలి.

మూడవ స్థితి: వేడెక్కుతుంది, లాగుడూ తగ్గుతుంది. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. దహనం చెడిపోయి ఉండాలి, లేదా కనిపించని అదనపు భారం ఉండాలి. ఒక లీటరు డీజిలు పూర్తిగా మండడానికి కనీసం 10 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఎయిర్ క్లీనరు నూనెలో బురద పేరుకున్నా, జాలీ పొట్టుతో నిండినా ఆ గాలి అందదు. డీజిలు సగం మండి నల్లని పొగగా పోతుంది, శక్తి తగ్గుతుంది, పొగ వేడి పెరుగుతుంది. ఎయిర్ క్లీనరు బాగున్నా నల్లని పొగ తగ్గకపోతే నాజిళ్లను పరీక్ష యంత్రంపై చూపించాలి. ఇంజెక్షను ఆలస్యమైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత మూత తీసి నడిపినప్పుడు రేడియేటరులో ఆగకుండా బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ లీకవుతున్నట్లు అనుమానించాలి. ఇంజను ఆయిలు పాల రంగుకు మారితే నీరు అందులో కలుస్తున్నట్లే. అలాంటి ట్రాక్టరును మరమ్మతు చేయించే వరకు నడపరాదు.

ట్రక్కునూ పరీక్షించాలి. ఖాళీ ట్రక్కు చక్రాలను జాకీతో ఒక్కొక్కటిగా పైకెత్తి చేతితో తిప్పితే బ్రేకు పట్టివేత, బేరింగు అరుగుదల తెలుస్తాయి. టైర్లలో గాలి తగ్గితే లాగవలసిన బలం పెరుగుతుంది. నాలుగు చక్రాల చోదనం గల ట్రాక్టర్లలో ముందు చక్రాల అంచు వేగం వెనుక చక్రాల కంటే కొద్దిగా ఎక్కువగా ఉండేటట్లు అమర్చుతారు. పొలంలో ఈ భేదాన్ని నేల సర్దుకుంటుంది. గట్టి రోడ్డుపై అది టైర్లను ఈడ్చి, గేర్లపై అనవసర ఒత్తిడి కలిగిస్తుంది. కాబట్టి రోడ్డు రవాణాలో ముందు చక్రాల చోదనాన్ని విడదీయాలి.

హాని చేసే సవరణలు

గాలి చాలని ఇంజనుకు డీజిలు పెంచితే నల్లని పొగ, సిలిండరు వేడి పెరుగుతాయే తప్ప శక్తి పెద్దగా పెరగదు. థర్మోస్టాటు తీసివేస్తే తేలిక లోడులో ఇంజను చల్లగా నడిచి సిలిండర్ల అరుగుదల, ఆయిలులో మడ్డి పెరుగుతాయి. కొన్ని నమూనాలలో నీటిలో కొంత భాగం రేడియేటరుకు వెళ్లకుండా పక్క దారి గుండా తిరిగి ఇంజనులోకే చేరుతుంది. అందువలన వేడి తగ్గకపోగా పెరగవచ్చు. థర్మోస్టాటును గిన్నెలోని వేడి నీటిలో ఉంచి, దానిపై ముద్రించిన ఉష్ణోగ్రత వద్ద తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. చెడినదైతే కొత్తది వేయాలి.

దారిలో నీరు మరిగితే

ముల్లు ఎరుపు గీతను సమీపించగానే బండి ఆపి, గేరు తీసి, మధ్యస్థ చుట్లతో కొద్ది నిమిషాలు నడిపితే ఫ్యాను వేడిని లాగివేస్తుంది. అయితే నీరు కారిపోయినా, బెల్టు తెగినా ఇంజనును వెంటనే ఆపాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ఆవిరి ఎగసి ముఖం, చేతులు తీవ్రంగా కాలుతాయి. మరుగుతున్న ఇంజనులో ఒక్కసారిగా చన్నీరు పోస్తే సిలిండరు హెడ్ పగలవచ్చు. మూత చేతికి తాకగలిగేంత చల్లారిన తరువాత, గుడ్డతో పట్టి నెమ్మదిగా తెరిచి, ఇంజను నిదానంగా తిరుగుతుండగా నీటిని కొద్దికొద్దిగా పోయాలి.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

మధ్యప్రదేశ్‌లోని బుద్నీ, అనంతపురం జిల్లాలోని గార్లదిన్నె కేంద్ర ప్రభుత్వ సంస్థలు వ్యవసాయ యంత్రాల పరీక్షలు, శిక్షణ నిర్వహిస్తున్నాయి. ట్రాక్టరు పరీక్షా నివేదికలలో శక్తి, ఇంధన వినియోగం, నీటి ఉష్ణోగ్రత వంటి వివరాలు ఉంటాయి. పాత ట్రాక్టరు స్థితిని అంచనా వేయడానికి ఆ నమూనా నివేదికలోని అంకెలే సరైన కొలమానం. కోతలకు నెల రోజుల ముందు గ్రామ స్థాయిలో రేడియేటరు, ఎయిర్ క్లీనరు, బెల్టు, టైర్లు, ట్రక్కు బ్రేకుల తనిఖీ శిబిరం నిర్వహించి, పై మూడు స్థితులను డ్రైవర్లకు వివరించాలి. రవాణాకు వచ్చే ఆదాయం ఒక కోత కాలంలో కొన్ని వారాలకే పరిమితం. ఆ వారాల్లో ఇంజను విప్పవలసి వస్తే మరమ్మతు ఖర్చుకు తోడు ఆ ఆదాయం కూడా పోతుంది, కళ్లంలోని ధాన్యం అకాల వర్షాల పాలయ్యే ప్రమాదం ఉంటుంది. ముందుగా చేసే ఈ తనిఖీకి పట్టేది కొద్ది గంటలు మాత్రమే.