హుడ్డుకి గాలి ఎక్కడినుంచి వస్తుంది?

పగలంతా ప్రోగ్రాములు రాసుకుంటూ, పక్కన ఓ ఇండియన్ రెస్టారెంట్‌లో వాటా పెట్టినవాళ్ళు అమెరికాలో మనవాళ్ళలో తక్కువేం కాదు. అందుకని ఈసారి జావా, డేటాబేసులు పక్కనపెట్టి వంటింటి గాలి సంగతి చూద్దాం.

పొయ్యి మీది హుడ్డు, కప్పు మీది ఫ్యాను పొగని బయటకి పంపుతాయని అందరికీ తెలుసు. నిమిషానికి 3,000 ఘనపుటడుగుల గాలి బయటకి పోతే, అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలన్నదే గుర్తుండదు. ఆ పనికే మేకప్ ఎయిర్ యూనిట్ అని మరో పెట్టె ఉంటుంది (పేరు చూసి సినిమావాళ్ళ మేకప్ అనుకునేరు!). చలికాలంలో అది గ్యాసు మండించి గాలిని వేడిచేసి వదలాలి. బిల్లు చూసి గుండె ఝల్లుమన్న యజమాని ముందుగా కట్టేసేది దాన్నే.

చికాగో శివార్లలో ఒక మిత్రుడి రెస్టారెంట్‌లో ఒక చలికాలం ఇదే చూశాను. ముందు తలుపు లాగితే ఒక పట్టాన రాదు. సందుల్లోంచి ఈల. తాలింపు పొగ హాల్లోకి వస్తోంది. ఫ్యాను చాలట్లేదని ఆయన పెద్ద మోటారుకి ధరలు కనుక్కుంటున్నాడు! నిజానికి ఫ్యాను లక్షణంగా ఉంది, దానికి గాలే అందట్లేదు. ఫ్యాను వేస్తే మేకప్ యూనిట్ తనంతట తనే మొదలవ్వాలని ఇంటర్నేషనల్ మెకానికల్ కోడ్ చెప్తుంది. అక్కడ ఎవరో ఆ తీగ ఊడదీశారు.

పొగతో పోతే పర్లేదు. గాలి చాలనప్పుడు హుడ్డు గ్యాసు వాటర్ హీటర్ గొట్టంలోంచి కూడా వెనక్కి లాగుతుంది. అలా వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. 2019 జనవరి 30న చికాగోలో చలి మైనస్ 23 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగింది. అలాంటి రోజున తలుపులు, కిటికీలు ఎవరు తెరుస్తారు?

ఇక జిడ్డు. ఎన్.ఎఫ్.పి.ఎ. 96 ప్రకారం బొగ్గు తందూరి ఉంటే నెలకోసారి తనిఖీ, జోరుగా వండేచోట 3 నెలలకి, ఓ మోస్తరు వంటకి 6 నెలలకి. చర్చిల్లాగా ఎప్పుడో వండే చోట్లకి ఏడాదికోసారి చాలు. రోజూ గుండిగలకొద్దీ పులిహోర కలిపే మన గుళ్ళు ఆ లెక్కలోకి రావని నా అభిప్రాయం. ఊరినిబట్టి రూలు మారుతుంది కూడా. న్యూయార్క్ నగరంలో అయితే 3 నెలలకోసారి శుభ్రం చేయించాల్సిందే, అదీ ఫైర్ డిపార్ట్‌మెంట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళతోనే.

మీకూ ఎక్కడైనా వాటా ఉంటే, ఈ వారాంతం హుడ్డు నడుస్తుండగా వెనక తలుపు వేలెడు తెరిచి టిష్యూ కాగితం పట్టి చూడండి. కాస్త లోపలికి వాలితే మామూలే. రెపరెపలాడుతూ దూసుకుపోతే, మేడెక్కి ఆ పెట్టె తిరుగుతోందో లేదో చూసి రండి.