గ్రామఫోను పెట్టెలో మన సాలూరి పిల్లవాడు

విజయనగరం నుంచి సాలూరు పోయే బాట మీద గజపతినగరం ఒక మజిలీ. చంపావతి ఒడ్డున ఉన్న ఈ ఊరు దాటి, రామభద్రపురం మీదుగా సాగితే వేగావతీ తీరాన సాలూరు. ఆపైన ఘాటీ, కొండలు, ఒడిశా. సంతకు పోయేవారికీ, పెళ్లికి పోయేవారికీ ఈ దారి ఎరుకే. కాని తెలుగు లలిత సంగీతం కూడా ఈ దారినే నడిచి మద్రాసు చేరిందని ఎంతమంది తలచుకుంటారు?

సాలూరు దగ్గర శివరామపురం అనే చిన్న ఊరిలో 1922లో పుట్టాడు సాలూరి రాజేశ్వరరావు. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలుకు పక్కవాద్యం వాయించిన చేయి ఆయనది. 1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా కూర్చోబెట్టారు. తరువాతి కాలంలో ఘంటసాలకు గురువైన పట్రాయని సీతారామశాస్త్రిగారిది కూడా సాలూరే. ఇలా చుట్టూ సంగీతం పండుతున్న నేల మీద, ఇంట్లో మృదంగం మోగుతుండగా పెరిగిన పిల్లవాడికి స్వరం పట్టుబడటంలో వింత ఏముంది?

వింత ఆ తరువాత జరిగింది.

లక్క పళ్లెం మీద లేత గొంతు

పదేళ్లు దాటీ దాటని ఈ బాలుడి పాట హచ్చిన్స్ రికార్డు కంపెనీవారి చెవిన పడింది. వారు పాడించారు, ప్లేట్లు వేశారు. ఆ రోజుల్లో ప్లేటంటే పది అంగుళాల నల్లని లక్క పళ్లెం. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర పాట. మరవైపు వినాలంటే ప్లేటు తిప్పాలి, ముల్లు మార్చాలి, పెట్టెకు మళ్లీ కీ ఇవ్వాలి. ఇంత తతంగమూ ఇష్టంగా చేసేవారు జనం.

ఈ ప్లేట్ల వెంటనే సినిమా పిలుపు వచ్చింది. 1935లో వేల్ పిక్చర్స్ వారి 'శ్రీకృష్ణలీలలు'లో బాలకృష్ణుడు మన సాలూరి పిల్లవాడే. కంసుడు వేమూరి గగ్గయ్యగారు. గగ్గయ్యగారి ఉరుముల వంటి గొంతుకు ఎదురుగా ఈ లేతగొంతు నిలబడి నెగ్గింది. 1936లో 'మాయాబజార్'లో అభిమన్యుడు.

నలుగురూ మెచ్చారు. బాగానే ఉంది. కాని బాలగాయకుడి కీర్తికి ఒక గండం ఉంది. మీసకట్టు వచ్చేనాటికి గొంతు మారుతుంది. మారిన గొంతు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. నాటకాల్లోనూ సినిమాల్లోనూ 'మాస్టర్' అని పేరు మోసిన పిల్లలు ఎందరో ఆ గండం దాటలేక మరుగున పడిపోయారు.

కలకత్తా నేర్పిన గుట్టు

రాజేశ్వరరావుగారిని గట్టెక్కించింది కలకత్తా. అక్కడ కె.ఎల్. సైగల్, పంకజ్ మల్లిక్ వంటి మహాగాయకుల పాటను దగ్గరగా విన్నారు, హిందుస్తానీ సంగీతం అభ్యసించారు. మన నాటకరంగం మీద పద్యం పాడేవాడు చిట్టచివర చాప మీద కూర్చున్నవాడికీ వినిపించాలి. అందుకని ఎలుగెత్తి పాడేవాడు. 1925 ప్రాంతాల్లో రికార్డింగుకు మైకు వచ్చాక ఆ అవసరం పోయింది. మైకు ముందు గుసగుసలాడినా చాలు, ఊరంతా వింటుంది. సైగల్ ఆ గుట్టు కనిపెట్టినవాడు. దానిని తెలుగులోకి తెచ్చి, మన రాగాలతో పొదిగి పాడినవాడు రాజేశ్వరరావు.

1940లో గూడవల్లి రామబ్రహ్మంగారి 'ఇల్లాలు'లో ఆయన నటించారు, పాడారు, సంగీతమూ సమకూర్చారు. అక్కడ కలిసిన గొంతు రావు బాలసరస్వతీదేవిది. ఆ ఇద్దరూ సినిమాతో నిమిత్తం లేకుండా రికార్డులకు పాడిన యుగళగీతాలు, రాజేశ్వరరావుగారు ఒంటరిగా పాడిన భావగీతాలు 1940ల్లో తెలుగునాట ఇంటింటి పాటలైనాయి. బాణీ తనదే, గొంతూ తనదే. వెన్నెల, యమున, రాధ, కోకిల వంటి మాటలే ఆ పాటల్లో ఉండేవి. కాని వింటున్నవారికి ఎవరో తన ఒక్కరితోనే మాట్లాడుతున్నట్లుండేది. అమెరికాలో ఇలా మనసు విప్పి పాడే నీగ్రో గాయకుల పాటకు తరువాత 'సోల్' సంగీతమని పేరు వచ్చింది, అంటే ఆత్మ. మనవారు లలిత సంగీతమన్నారు. పేర్లు వేరైనా, రెండూ గుండె తడిని దాచుకోని పాటలే.

అదే 1940లో అమెరికాలో 'బిల్‌బోర్డ్' పత్రిక ఏ రికార్డు ఎక్కువ అమ్ముడైందో వారం వారం పట్టిక ప్రకటించటం మొదలుపెట్టింది. మనకు అటువంటి పట్టికలు లేవు. కాఫీ హోటల్లో మళ్లీ వెయ్యమని అడిగిన పాట, పెళ్లిపందిట్లో అరిగిపోయి గరగరలాడినా తియ్యని ప్లేటు - ఇవే మన పట్టికలు. నాటకానికి పంపని ఇళ్లలో కూడా ఆడపిల్లలు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆ పాటలు నేర్చుకున్నారు.

పాటగాడు పక్కకు తప్పుకున్నాడు

ఇంత పేరు తెచ్చిన గొంతును ఆయన ఏం చేశారు? క్రమంగా పక్కన పెట్టి, పెన్నిధినంతా ఇతరుల గొంతులకు పంచిపెట్టారు. 1948లో జెమినీవారి 'చంద్రలేఖ', 1951లో 'మల్లీశ్వరి', 1954లో 'విప్రనారాయణ', 1955లో 'మిస్సమ్మ'. ఘంటసాల, భానుమతి, ఎ.ఎం. రాజా, లీల, మన విజయనగరం ఆడపడుచు సుశీల - వీరంతా ఆయన బాణీలతో మన ఇళ్లలోకి వచ్చినవారే. 1992లో ఆయనకు రఘుపతి వెంకయ్య పురస్కారం లభించింది. 1999లో కన్నుమూశారు. బాణీలు నిలిచాయి. అయితే ఆ బాణీలకు మూలమైన ఆయన సొంత గొంతు మాత్రం పాత ప్లేట్లలోనే ఎక్కువగా ఉంది.

ఆ ప్లేట్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? కొన్ని సేకరణదారుల దగ్గర, మరికొన్ని గజపతినగరం, బొబ్బిలి, సాలూరుల వంటి ఊళ్ల అటకల మీద, తాతలనాటి భోషాణాల్లో. లక్క ప్లేటు చేయి జారితే పెంకు ముక్కలవుతుంది. ఒకదాని మీద ఒకటి పేరిస్తే బరువుకు వంగిపోతుంది. కనుక పుస్తకాల్లా నిలబెట్టి ఉంచాలి. మెత్తని పొడిగుడ్డతో గాడి వెంట తుడవాలి. స్పిరిటు మాత్రం తగలనివ్వరాదు, లక్క కరిగిపోతుంది. పాత సామాను అమ్మేముందు అమ్మమ్మనో తాతయ్యనో ఒక్కమాట అడగండి. తెలిసినవారి చేత కంప్యూటర్లోకి ఎక్కించుకుంటే పాట పదిలం.

ప్లేటుకు మూడు నిమిషాలే ఆయుష్షు. దానిని మూడు తరాలకు పెంచటం మన చేతుల్లో ఉంది.