చెక్క దుమ్ము, తోలు దుమ్ము, సైనస్ క్యాన్సర్

రహమత్ నగర్, కృష్ణానగర్ బస్తీల నుంచి సినిమా సెట్లకు వెళ్లే కార్పెంటర్లు రోజంతా చెక్క దుమ్ము పీలుస్తారు. అది ఎక్కడ చేరుతుంది?

ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులే సైనస్‌లు. వాటి లోపలి తడి పొరలోని కణాలు అదుపు తప్పి పెరిగితే సైనస్ క్యాన్సర్. ఇది అరుదైన జబ్బు. ఎక్కువగా చెంప ఎముక లోపలి గదిలో మొదలవుతుంది. చెక్క దుమ్ముతో వచ్చేది మాత్రం ఎక్కువగా కళ్ల మధ్యనున్న గదుల్లో పుడుతుంది.

1960ల్లో ఇంగ్లండ్ డాక్టర్లు ఫర్నిచర్ కార్మికుల్లో దీన్ని గుర్తించారు. తర్వాత బూట్లు కుట్టేవారిలోనూ కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం ఈ రెండు దుమ్ములనూ క్యాన్సర్ కారకాలుగా తేల్చింది. తోలు పని మనకు కులం అంటగట్టిన పని. దాని దుమ్మూ మన ముక్కులకే అంటింది.

వారాల తరబడి ముక్కు ఒకవైపే మూసుకుపోయినా, రక్తం వచ్చినా, చెంప తిమ్మిరెక్కినా, పై పళ్లు కదిలినా జలుబని వదిలేయొద్దు. ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి.

దుమ్ము పీల్చిన దశాబ్దాల తర్వాత కూడా జబ్బు బయటపడొచ్చు. అందుకే మేం చెప్పేది ఒకటే: డాక్టర్ అడగకపోయినా పాత పనులన్నీ చెప్పి ఓపీ చీటీ మీద రాయించుకోవాలి. రాయకపోతే, పని తెచ్చిన జబ్బు పని లెక్కలోకే రాదు.