పిల్లర్లో రింగు ఎలా వంచారు?

2010లో నెలన్నర తేడాతో రెండు భూకంపాలు వచ్చాయి. జనవరి 12న హైతీలో వచ్చినదాని తీవ్రత 7.0. ఫిబ్రవరి 27న చిలీలో వచ్చినదాని తీవ్రత 8.8. అంకెల్లో తేడా రెండు కూడా లేదు కానీ, విడుదలైన శక్తిని బట్టి చూస్తే చిలీ భూకంపం సుమారు 500 రెట్లు పెద్దది. చిలీలో 500 పైచిలుకు మంది చనిపోయారు. హైతీలో ఎంతమంది పోయారో నేటికీ సరైన లెక్క లేదు. చాలా అంచనాలు లక్ష దాటాయి, అక్కడి ప్రభుత్వం మూడు లక్షలకు పైనే అంది. పోయినవాళ్ళను లెక్కపెట్టుకోవడానికి కూడా దేశానికి కాస్త స్తోమత ఉండాలి.

హైతీకి దురదృష్టం కూడా తోడైంది. భూకంప కేంద్రం రాజధాని పోర్టోప్రిన్స్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంది. చిలీలో అది సముద్రం కింద వచ్చింది. అయినా ఇంత తేడాకు ఆ ఒక్క కారణం చాలదు. అప్పటికి చిలీ తలసరి ఆదాయం హైతీ కంటే పది రెట్లకు పైనే. 1960లో 9.5 తీవ్రతతో, ప్రపంచంలో నమోదైనవాటిలోకెల్లా పెద్ద భూకంపాన్ని చూసిన దేశం అది. భవన నియమాలను ఎప్పటికప్పుడు గట్టిపరుచుకుంటూ వచ్చింది. కట్టి అమ్మినవాళ్ళే పదేళ్ళపాటు ఆ కట్టడం పటుత్వానికి బాధ్యులని చట్టం చేసింది. హైతీలో అప్పటికి అమలయ్యే భవన నియమావళే లేదు. తుపాను గాలికి ఎగిరిపోకూడదని జనం ఇళ్ళకు బరువైన స్లాబులు వేసుకున్నారు. కింద నాసిరకం సిమెంటు ఇటుకలు, చాలీచాలని ఇనుము. ఏ స్లాబును నమ్ముకున్నారో అదే మీద పడింది.

డబ్బు నష్టం తీరు వేరు. చిలీ సుమారు 3,000 కోట్ల డాలర్లు నష్టపోయింది. అది ఆ దేశ వార్షిక ఉత్పత్తిలో అయిదో వంతు కన్నా తక్కువ. హైతీ నష్టం సుమారు 780 కోట్ల డాలర్లే కానీ, అది ఆ దేశపు ఏడాది ఉత్పత్తిని మించిపోయింది. సంపన్న దేశం ఆస్తులు పోగొట్టుకుని బీమాతోనో అప్పుతోనో మళ్ళీ లేస్తుంది. పేద దేశం మనుషుల్ని పోగొట్టుకుంటుంది, మిగిలినవాళ్ళు ఏళ్ళ తరబడి టార్పాలిన్ల కింద బతుకుతారు.

అలాగని డబ్బుంటే చాలా? చాలదు. టర్కీ హైతీ లాంటి పేద దేశం కాదు, అక్కడ మంచి నియమావళి ఉంది. అయినా 2023 ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపాల్లో అక్కడ 50 వేల మందికి పైగా చనిపోయారు. అంతకు అయిదేళ్ళ ముందే, 2018లో, నిబంధనలకు విరుద్ధమైన కట్టడాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేశారు. అక్రమ కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే మన బీపీఎస్ పథకం తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. రుసుము కట్టినంత మాత్రాన పిల్లర్‌కు బలం రాదు. నికొలస్ ఆంబ్రేసిస్, రోజర్ బిల్హామ్ అనే శాస్త్రవేత్తలు 2011లో నేచర్ పత్రికలో ఒక లెక్క చూపారు. అంతకుముందు 30 ఏళ్ళలో భూకంపాలకు భవనాలు కూలి పోయినవాళ్ళలో 83 శాతం, తమ ఆదాయ స్థాయికి ఉండాల్సినదాని కన్నా అవినీతి ఎక్కువున్న దేశాలవాళ్ళేనట. నా దృష్టిలో అసలు విషయం ఇదే. సంపద ప్రాణం కాపాడేది, అది నియమంగా మారి, ఆ నియమాన్ని సైటుకొచ్చి చూసే మనిషిగా మారినప్పుడే.

ఆ మనిషి చూడాల్సింది ఏమిటి? పిల్లర్ కడ్డీల చుట్టూ కట్టే రింగునే తీసుకోండి. దాని రెండు కొసలూ లోపలి కాంక్రీటులోకి దిగేలా 135 డిగ్రీలకు వంచాలని మన ఐఎస్ 13920 ప్రమాణం చెబుతుంది. చాలా చోట్ల ఎల్ ఆకారంలో 90 డిగ్రీలకే వంచి వదిలేస్తారు. మామూలు రోజుల్లో తేడా తెలియదు. నేల అటూ ఇటూ ఊగినప్పుడు పైనున్న కాంక్రీటు పెచ్చులుగా రాలిపోతుంది, ఎల్ కొస విప్పుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి, పిల్లర్ నలిగిపోతుంది. ఆ వంపుకు అదనంగా పట్టేది కొసకు వేలెడు ఇనుము, పనివాడి చేతిలో మరికాస్త శ్రమ.

ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హైదరాబాద్, విజయవాడల్లోనూ జనం బయటికి పరుగెత్తారు. మీరు ఇల్లు కట్టిస్తుంటే పిల్లర్లకు కాంక్రీటు పోసే ముందు రోజు ఒక్కసారి సైటుకు వెళ్ళండి, రింగు కొసలు ఎలా వంచారో మేస్త్రిని అడిగి చూడండి. మర్నాడు కాంక్రీటు పోశాక వాటిని ఎవరూ చూడలేరు.