తమ పాట తామే పాడుకున్న నవ్వుల రాజులు

మీ ఇల్లు మాదాపూర్‌లోనా? కొండాపూర్‌లోనా? లేక గచ్చిబౌలి దాటి నానక్‌రామ్‌గూడ వైపా? ఎక్కడైతేనేం, మీ ఇంట్లో ఒక లాప్‌టాపూ, మెడలో ఐడీ కార్డు వేసుకుని క్యాబ్ ఎక్కే మనిషీ ఉండే ఉంటారు. ఆ మనిషి మీవారో, మీ అమ్మాయో, లేదా మీరేనో! అలాంటి ఇంట్లో ‘బెంచి’ అనే మాట కొత్తది కాదు. ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరికేదాకా ఖాళీగా కూర్చోవడమే బెంచి మీద ఉండటం. ఆ రోజుల్లో ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఎవరూ పట్టించుకోరు. ఎవరి ఆలోచనలు వారివి!

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించాక ఈ రాళ్ళగుట్టల ప్రాంతం ఎలా మారిపోయిందో మీకు తెలుసు. 2009 జనవరిలో సత్యం కంపెనీ సంగతి బయటపడ్డప్పుడు ఇక్కడ ఎన్ని ఇళ్ళు నిద్రపోలేదో కూడా తెలుసు. ఉద్యోగం ఒక్కసారిగా పైకి తీసుకెళ్ళడం, ఒక్కసారిగా కిందికి దించడం ఈ తరానికే వచ్చిన కష్టం అనుకుంటాం. కానీ మన అమ్మమ్మల కాలంలోనే ఇలాంటి వృత్తి ఒకటి ఉండేది. అదే సినిమా! అందులో ఒకే ఊరి గాలి పీల్చిన ఇద్దరు హాస్యనటుల కథ ఈ వారం మీకు చెప్పాలని.

ఇద్దరూ నవ్వించారు, ఇద్దరూ తమ పాట తామే పాడుకున్నారు. ఒకరు కస్తూరి శివరావు. మరొకరు రేలంగి వెంకటరామయ్య.

గొంతు ఉంటేనే వేషం!

ఇప్పుడు తెర మీద పెదవులు కదిపేది ఒకరు, పాడేది ఇంకొకరు. 1930లలో టాకీలు వచ్చిన కొత్తల్లో అలా కుదిరేది కాదు. కెమెరా తిరుగుతూ ఉండగానే మాటా, పాటా అక్కడికక్కడే రికార్డు కావాలి. అందుకే పాడటం వచ్చినవాళ్ళకే వేషాలు దక్కేవి. నాటకాల్లో పద్యాలు పాడి పేరు తెచ్చుకున్నవారు సినిమాల్లోకి ఎక్కువగా వచ్చింది అందుకే. 1940లలో ప్లేబాక్ పద్ధతి స్థిరపడ్డాక నాయికా నాయకులకు ఆ బాధ తప్పింది. హాస్యనటులు మాత్రం ఇంకా కొన్నాళ్ళు సొంత గొంతుతోనే పాడారు. ఎందుకంటారా? హాస్యగీతంలో సగం పాట, సగం మాట. ముక్కుతో పలికే ఆ పలుకూ, మధ్యలో ఆ దీర్ఘమూ ఆ నటుడివే అయి ఉండాలి. అరువు గొంతుకి ఆ నవ్వు రాదు. తర్వాత్తర్వాత మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు లాంటి గాయకులు హాస్యనటులకు అచ్చంగా సరిపోయేలా పాడి ఆ లోటు తీర్చారనుకోండి!

ముందు వెలిగిన దీపం

కస్తూరి శివరావు 1913లో కాకినాడలో పుట్టారు. మూకీ సినిమాలు ఆడే రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఒకరు ఉండేవారు. బొమ్మలో మాట లేదు కాబట్టి ఆ మనిషి మాటే మాట. శివరావు చేసిన పని అదే. హాలు చివర బెంచీ దాకా వినిపించే గొంతు, జనం ఎక్కడ నవ్వుతారో కనిపెట్టే నేర్పు ఆయనకి అలా అబ్బాయేమో!

సినిమాల్లోకి వచ్చాక 1948లో ‘బాలరాజు’ ఆయనకి పెద్ద పేరు తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఎవరూ ఊహించని సంగతి జరిగింది. కె.వి. రెడ్డి గారు వాహినీ వారికి తీసిన ‘గుణసుందరి కథ’లో నాయకుడి వేషం ఈ హాస్యనటుడికి ఇచ్చారు! షేక్స్పియర్ రాసిన లియర్ రాజు కథలోంచి ఒక పోగు తీసి, మన జానపద కథలా నేసిన సినిమా అది. శ్రీరంజని గుణసుందరి. శాపం వల్ల కురూపి అయిన ఆమె భర్త దైవాధీనంగా శివరావు. నవ్విస్తూనే జాలి పుట్టించాలి, పాటలూ పాడాలి. ఆయన అన్నీ చేశారు. సినిమా విజయం సాధించింది. తెలుగులో మొదటి స్టార్ కమెడియన్ అని ఈనాటికీ ఆయన్నే అంటారు. పెద్ద కారులో ఆయన వెళ్తుంటే జనం వెంటపడేవారని అప్పటివాళ్ళు కథలు కథలుగా చెప్పుకునేవారు.

అక్కడితో ఆగలేదు. 1950లో ‘పరమానందయ్య శిష్యులు’ తానే తీశారు. అక్కినేని నాగేశ్వరరావు అందులో నటించారు. తర్వాత పేరు తెచ్చుకున్న గిరిజ తొలిసారి తెర మీద కనిపించింది కూడా ఆ సినిమాలోనే. కానీ ఆ తర్వాత శివరావు వెలుగు తగ్గుతూ వచ్చింది. వేషాలు పలచబడ్డాయి. మళ్ళీ నాటకాలు ఆడారు. ఇబ్బందుల మధ్యే 1966లో కన్నుమూశారు. నాయకుడిగా పోస్టరెక్కిన ఏడాదికీ ఆ ఏడాదికీ మధ్య పదిహేడేళ్ళే!

పన్నెండేళ్ళు బెంచి మీద

ఇక రేలంగి. 1910లో తూర్పు గోదావరి జిల్లా రావులపాడులో పుట్టి, కాకినాడలో పెరిగారు. తండ్రి రామస్వామి గారు సంగీతం, హరికథలు నేర్పేవారు. అలా పాట ఇంట్లోనే అబ్బింది. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో ఆడవేషాలు కూడా వేశారు. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి కూడా ఆ క్లబ్బు నుంచి వచ్చినవారే.

1933లో బుచ్చియమ్మ గారితో పెళ్ళయింది. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’తో సినిమాల్లోకి వచ్చారు. అంటే సంసారం మొదలయ్యాకే ఈ నమ్మకం లేని వృత్తిలోకి దిగారన్నమాట. ఆ తర్వాత? ఇంచుమించు పన్నెండేళ్ళు చెప్పుకోదగ్గ వేషమే లేదు! దర్శకుడు సి. పుల్లయ్య గారి దగ్గర చేరి, చిన్న వేషం ఉంటే వేషం, లేకపోతే షూటింగు పనులు చూసుకుంటూ గడిపారు. ఒక్కసారి ఆ ఇల్లాలి స్థానంలో మిమ్మల్ని మీరు ఊహించుకోండి. ‘ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది’ అనే మాట పన్నెండు సార్లు వినడం ఎంత కష్టం!

1948లో పుల్లయ్య గారి ‘వింధ్యరాణి’తో నటుడిగా నిలదొక్కుకున్నారు. అప్పటికి వయసు ముప్ఫై ఎనిమిది. 1949లో ‘గుణసుందరి కథ’లో ఆయనా ఉన్నారు. నాయకుడిగా కాదు, రాజుగారి పెద్దల్లుళ్ళలో ఒకడిగా! చూశారా, ఒకే సినిమాలో ఒకరు శిఖరం మీద, మరొకరు అప్పుడే మొదటి మెట్టు మీద.

ఆ మెట్టు మీదినుంచి రేలంగి వెనక్కి జారలేదు. 1951లో విజయా వారి ‘పాతాళభైరవి’లో రాజుగారి బావమరిది శూరసేనుడు ఆయనే. రాకుమారి ప్రేమ కోసం వాడు పడే పాట్లు, ఘంటసాల గారి సంగీతంలో రేలంగి స్వయంగా పాడిన ఆ పాట ఇప్పుడు విన్నా నవ్వు ఆగదు. 1955లో ‘మిస్సమ్మ’. సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం. అందులో దేవయ్యగా బిచ్చమెత్తుకుంటూ రేలంగి పాడిన పాటలు తెలియని తెలుగువాడుంటాడా? 1957లో ‘మాయాబజార్’లో లక్ష్మణకుమారుడు. రమణారెడ్డితో జంట కుదిరింది. సూర్యకాంతం గారితో, గిరిజతో మరో రెండు జంటలు. మొత్తం మూడు వందలకి పైగా సినిమాలు!

సంపాదించినదాంట్లో కొంత పెట్టి తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టుకున్నారు. 1960లో ‘సమాజం’ అనే సినిమా కూడా తీశారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1975 నవంబరులో తాడేపల్లిగూడెంలోనే కన్నుమూశారు.

ఇది మన ఒక్కరి కథేనా?

కాదు. పక్కనే తమిళంలో జె.పి. చంద్రబాబు ఉన్నారు. తన పాట తానే పాడుకునేవారు, చిందులేసేవారు. సొంతంగా మొదలుపెట్టిన సినిమా మధ్యలో ఆగిపోయి, ఇల్లు పోగొట్టుకుని, 1974లో లేమిలోనే పోయారు. దూరాన ఇటలీలో రెనాతో రాషెల్ అని ఒక పొట్టి మనిషి ఉండేవాడు. పాటలు కట్టేవాడు, పాడేవాడు, నవ్వించేవాడు. రోము నగరానికి వీడ్కోలు చెబుతూ 1955లో ఆయన కట్టిన పాట ప్రపంచమంతా తిరిగింది. 1952లో ‘ఇల్ కప్పొత్తో’ సినిమాలో పేద గుమాస్తాగా గంభీరమైన వేషం వేసి విమర్శకుల చేత కూడా ఔననిపించాడు. 1960లో శాన్‌రెమో పాటల పోటీలోనూ గెలిచాడు. మన పక్క హిందీలో కిశోర్ కుమార్ సంగతి సరే సరి! హాస్యనటుడిగా గిరాకీ తగ్గినా పాట ఆయన్ని చివరిదాకా నిలబెట్టింది.

వీళ్ళందరినీ కలిపి చూస్తే ఒకటి తోస్తుంది. ప్రతిభలో ఎవరూ ఎవరికీ తీసిపోరు. కానీ ఒక్క పనే నమ్ముకున్నవాళ్ళకి ఆ పని ఆగినప్పుడు దారి మూసుకుపోయింది. రెండో పని చేతిలో ఉన్నవాళ్ళు నిలిచారు. రేలంగి పన్నెండేళ్ళ బెంచి వృథా పోలేదు. వేషం లేని రోజున కూడా ఆయన సినిమా మధ్యలోనే ఉన్నారు, పని చేస్తూనే ఉన్నారు, చూస్తూనే ఉన్నారు. అలాగని శివరావుది తప్పు అనడానికి మనమెవరం? వచ్చిన పేరు నమ్ముకుని తన కళలోనే పెట్టుబడి పెట్టారు. దానికి శిక్ష అంత పెద్దది కానక్కర్లేదు. పడినప్పుడు పట్టుకునే వల కింద లేకపోయింది, అంతే!

అందుకే మీకో మాట. ఇంట్లో పెద్ద జీతం వస్తున్న రోజునే ఫ్లాటు కంతు, కారు కంతు, పిల్లల ఫీజులూ ఒక కాగితం మీద రాసి, ‘ఈ జీతం ఆరు నెలలు రాకపోతే?’ అని ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. అపశకునం అనుకోకండి. ఆవకాయ పెట్టుకున్నప్పుడు వానాకాలం గురించి ఆలోచించమా! ఒకవేళ ఇప్పుడే మీ ఇంట్లో ఎవరైనా బెంచి మీద ఉంటే, ‘ఇవాళ ఏమైంది?’ అని రోజూ అడక్కండి. ‘ఇవాళ ఏం నేర్చుకున్నావు?’ అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకీ ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది.

ఆదివారం ఇలా చేయండి

ఊరి నుంచి వచ్చిన అత్తగారో, అమ్మో ఇంట్లో ఉంటే మరీ మంచిది. ‘గుణసుందరి కథ’, ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’ ఈ వరసలోనే మూడు ఆదివారాలు చూడండి. మొదటి సినిమాలో శివరావు గొంతు వినండి. నవ్విస్తున్నా అందులో ఎక్కడో జీర ఉంటుంది. రెండో దాంట్లో, మూడో దాంట్లో రేలంగి పాటల దగ్గర పిల్లల్ని పిలవండి. ‘ఇది పాడింది ఎవరు?’ అని అడగండి. ఘంటసాల అంటారు. కాదని చెప్పండి, ఆ నటుడే పాడాడని చెప్పండి. వాళ్ళు నమ్మరు, మళ్ళీ పెట్టి వింటారు. పెద్దవాళ్ళు మాత్రం ఆ పాట మొదలవగానే కూడా పాడటం మొదలుపెడతారు. అప్పుడు ఫోన్లు పక్కన పెట్టి, వాళ్ళ పాట వినండి. పకోడీలు చల్లారినా ఫరవాలేదు!